నా కోసం అవ్వ ఆడిన అబద్ధం

పళ్లెం ముందు కూర్చున్న ప్రతి బిడ్డనూ పేరుపెట్టి ఎరిగిన దేవునికి స్తోత్రం. ఆకలిగొన్నవారికి అన్నమూ, అడిగినవారికి జ్ఞానమూ, నావంటి పిరికివారికి ఇంకొంత సమయమూ ఇచ్చే దేవునికి స్తోత్రం. ఆయన దయ లేకపోతే ఈ మాటలు రాయడానికి నాకు చేయి వచ్చేది కాదు.

మా బడిలో మధ్యాహ్నం వంట చేసిన అవ్వ ప్రభువు సన్నిధికి వెళ్లి మూడు నెలలు దాటింది. ఆమె పేరు రాయను. బతికి ఉన్నప్పుడు ఎవరూ ఆమెను పేరుపెట్టి పిలవలేదు. పిల్లలకూ, నాకూ, మా సంఘ కాపరి అయ్యగారికీ ఆమె అవ్వే. ఎక్కడ పుట్టిందో, భర్త ఎప్పుడు పోయాడో కూడా రాయను. అవి నాకు సరిగ్గా తెలియవు. నాకు తెలిసినవి వేరే.

నేను పనిచేసే ప్రాథమిక పాఠశాల నారాయణఖేడ్ నుంచి కంగ్టి పోయే తోవలో, ఆటో దిగి కొంచెం లోపలికి నడిస్తే వస్తుంది. అయిదు తరగతులు, రెండు గదులు, ఇద్దరం టీచర్లం, వెనక రేకుల కింద వంట. అవ్వ అక్కడ ఎడమ చేయి నడుముకు ఆనించి, కుడి చేత్తో పప్పు తిప్పుతూ పెదవులు కదిలించేది. మొదట్లో పాట అనుకున్నాను. దగ్గరికి వెళ్లి వింటే పిల్లల పేర్లు. ఒక్కో పేరూ దేవునికి అప్పగిస్తూ గంటె తిప్పేది. ఆ రోజు ఎవరైనా బడికి రాకపోతే ఆ పేరు రెండుసార్లు వచ్చేది.

పిల్లలకు వడ్డించే ముందు టీచరు ఒక ముద్ద తిని, బాగుందని రిజిస్టర్‌లో సంతకం పెట్టాలని నియమం. పని తొందరలో సంతకం ముందు పెట్టేసి, ముద్ద తర్వాత చూద్దామనుకునే రోజులు నాకు ఉండేవి. అవ్వ దగ్గర ఆ ఆటలు సాగలేదు. చిన్న పళ్లెంలో అన్నం పప్పు కలిపి తెచ్చి, తరగతి గుమ్మంలో నిలబడేది.

"ముందుగాల నువ్వు తిను టీచరమ్మా. ఏమన్నయితే నీకే అయితది, పోరగాండ్లు బతుకుతరు."

పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. నేను తినేదాకా ఆమె కదిలేది కాదు.

ఆదివారం మేమిద్దరం ఒకే సంఘంలో కూర్చునేవాళ్లం. ఆమె పొద్దున మొదటి ఆటోలో ఖేడ్‌కు వచ్చి, ఆడవాళ్ల వైపు చివరి కిటికీ కింద చాప మీద కూర్చునేది. అక్షరం ముక్క రాదు. అయినా వాక్యపఠనంలో నేను ఒక మాట దాటేస్తే వెనక నుంచి ఆ మాట వినిపించేది. జనం నవ్వు ఆపుకునేవాళ్లు. నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివేదాన్ని. బడిలో ఆమెకు నేను టీచరమ్మను. సంఘంలో బిడ్డను.

నిరుడు ఏప్రిల్‌లో ఒకరోజు గంజు తోముతూ అడిగింది: "పోయిన ఏడు గీ గంజు నిండ వండిన. గీ ఏడు సగం గూడ ఒడుస్తలేదు. పిల్లలు ఏడికి పోతుండ్రు?"

"నీకు తెలవదా అవ్వా? పొద్దున పసుపుపచ్చ బస్సు వస్తుంది కదా."

"బస్సు నాకు ఎర్కే. గాడ ఏం పెడ్తుండ్రో పోయి చూసొస్త."

ఉత్త మాట అనుకున్నాను. మర్నాడు వంట ముగించి నిజంగానే ఖేడ్ వెళ్లింది. ఊళ్లో ఉన్న ఒక ప్రైవేటు ఇంగ్లీషు బడి ఆఫీసులోకి నేరుగా నడిచి, కుర్చీలో కూర్చుందట. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి, ఏ తరగతికి అవ్వా అని అడిగితే, "నాకే" అన్నదట. తర్వాత జరిగింది ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. మర్నాడు పొయ్యి పక్కన కూర్చుని నాకు చెప్పింది.

చదువు రాని అవ్వ, గుర్తుపెట్టుకోవలసిన ప్రతి సంగతికీ కొంగుకు ఒక ముడి వేసుకునేది. ఆ రోజు కొంగు నిండా ముళ్లే. ఒక్కోటి విప్పుతూ చెప్పింది.

"గిది ఫీజు. మూడు మేకలు."

"రూపాయల్లో చెప్పు అవ్వా."

"రూపాయలు నాకు సమజ్ గావు. మేకయితే సమజ్ అయితది. మేకను పెంచనీకె ఏడాది పడ్తది. గిది పుస్తకాలు. ఫీజు ఇచ్చినంక పుస్తకాలు మీరే ఇస్తరా అన్న. వేరే అన్నది. బట్టలు? వేరే. బుధవారానికి తెల్లబట్టలు, గవి ఇంకా వేరే. బూట్లు రెండు తీర్లు. బస్సు? వేరే. మరి అన్నం? ఇంటి నుంచి తెచ్చుకోవాలె అన్నది. అయితె ఫీజు దేనికి బిడ్డా, లోపలికొచ్చి కూసునుడుకా అన్న."

"ఆ పిల్ల ఏమన్నది?"

"నవ్వింది పాపం. మంచి పిల్ల. నీళ్లు గూడ ఇచ్చింది."

నేనూ నవ్వాను. ఒకవిధంగా నాకు సంతోషంగానే ఉంది. "చూశావా, మన దగ్గర అన్నీ ముఫత్" అన్నాను. పుస్తకాలు, రెండు జతల బట్టలు, అన్నం, వారానికి గుడ్డు.

అవ్వ నవ్వలేదు.

"అబద్ధం చెప్పొద్దు. గాడ ఒక్కొక్క క్లాసుకు ఒక్కొక్క టీచరు ఉన్నది. పిల్లలు బెంచీల మీద కూసున్నరు. మన దగ్గర ముఫత్ ఏడిది? నువ్వు సర్వేకు పోతవ్. ఓట్లకు పోతవ్. గా సారు ట్రైనింగుకు పోతడు. గా దినం అయిదు క్లాసులు ఒక్క కాడ కూసొని నా పొయ్యి దిక్కు చూస్తయ్, అన్నం ఎప్పుడయితదా అని. గాడ పైసల్ పోతయ్. గీడ దినాలు పోతయ్. పైసలంటె కూలికి పోతె మళ్లొస్తయ్. దినాలు ఏ కూలికి పోతె వస్తయ్ టీచరమ్మా?"

నేను పదమూడేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను. సర్కారు బడికీ ప్రైవేటు బడికీ ఖర్చు ఎంత తేడా అని మీటింగుల్లో ఎన్నోసార్లు మాట్లాడాను. దినాల లెక్క ఒక్కసారి కూడా వేయలేదు.

కొంగుకు ఇంకో ముడి మిగిలింది. అదేంటి అని అడిగాను.

"గది నీది" అన్నది. దాన్ని విప్పకుండానే చెప్పింది. ఆమె తిరిగి వస్తుంటే పిల్లల వరుసలో మా పాప కనిపించిందట. సండేస్కూల్లో నేర్చుకున్న అలవాటుగా, వరుసలో నుంచే "వందనాలు అవ్వా" అని గట్టిగా అన్నదట. పక్కనున్న టీచరు, ఇంగ్లీషులో మాట్లాడమని పాపను కసిరిందట.

"నా వందనాలు నా నోట్లనే ఉన్నయ్. ఇంగ్లీషుల ఎట్ల చెప్పాల్నో నాకు రాకపాయె" అన్నది అవ్వ. అంతే. మా పాప అక్కడెందుకు చదువుతుందని ఆమె అడగలేదు.

అడిగితే చెప్పడానికి కారణాలు సిద్ధంగా ఉన్నాయి. మేం ఉండేది ఖేడ్‌లో, పాపను రోజూ ఆటోలో అంత దూరం తిప్పలేను. మా ఆయన డ్యూటీ వేళలు కుదరవు. ఇంగ్లీషు రాకపోతే రేపు ఏమవుతుందో. ఈ మాటలు నాలో నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో దేవునికే తెలుసు. నిజమైన కారణం వేరే. మా బడిలో ఎన్ని దినాలు పోతాయో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే.

జూన్ వచ్చింది. బడిబాట మొదలైంది. ఇంటింటికీ తిరిగి, మీ పిల్లల్ని సర్కారు బడిలో వేయండని అడగాలి. మా బడిలో ఇంకొందరు పిల్లలు తగ్గితే రెండో టీచరు పోస్టు ఉండదు. అవ్వ తనంతట తానే నాతో తిరిగింది. గడప దగ్గర నేను పుస్తకాలు, బట్టల గురించి చెప్తే, ఆమె వెనక నుంచి "గుడ్డు గూడ" అని అందించేది.

ఒక ఇంటి వాకిట్లో ఒకామె చాటలో విత్తనాల కందులు ఏరుతోంది. పక్కన ఆరేళ్ల ఆడపిల్ల. భార్యాభర్తలు దసరా దాటగానే హైదరాబాద్‌లో బిల్డింగు పనికి పోయే మనుషులు. నేను చెప్పిందంతా ఆమె తలెత్తకుండా విన్నది. చివరికి చాట కింద పెట్టి అడిగింది.

"అంత మంచిగుంటె, మీ బిడ్డ ఏడ చదువుతది మేడం?"

నా నాలుక అంగిట్లో అంటుకుపోయింది. అప్పుడు నా పక్క నుంచి అవ్వ గొంతు:

"ఆమె బిడ్డనా? ఖేడ్ల సర్కార్ బడిలనే."

ఆ ఇల్లాలు నా మొహం చూసింది. నేను రిజిస్టర్ తెరిచి, "పాప పేరేంటి?" అన్నాను. పేరు రాసుకున్నాను. నా చేతి రాత ఆ పేజీలో ఇప్పటికీ ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు చేల గట్టు మీద అవ్వ ముందు నడిచింది, నేను వెనక. వెనక్కి తిరగకుండానే అన్నది:

"అన్నమయితె ముందుగాల నువ్వు తిని పిల్లలకు పెట్టిస్తవ్. మన బడి చదువు మాత్రం నీ బిడ్డకు రుచి చూపియ్యవ్."

జూలై మొదటి ఆదివారం ప్రభు బల్ల, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. అవ్వ ఆ రోజు కోసం నెలంతా ఎదురుచూసేది. రెండుసార్లు చేతులు కడుక్కుని, కొంగు తల మీదికి లాక్కుని, అందరికంటే ముందు వచ్చి మోకరించేది. రొట్టెలో ఉప్పు ఉండదని ఎప్పుడూ అయ్యగారికి ఫిర్యాదు చేసేది. ఆ ఆదివారం ఆమె లేవలేదు. కిటికీ కింద అలాగే తల వంచుకుని కూర్చుంది. జ్వరమేమో అనుకున్నాను. నేను మోకరించి రొట్టె తీసుకున్నాను.

సోమవారం పొయ్యి దగ్గర అడిగాను.

"అబద్ధమాడిన నోటితోటి గా రొట్టె ఎట్ల తినాలె?"

"దేవుని ముందు ఒప్పుకుంటే చాలు కదా అవ్వా."

"దేవునికి ముందుగాలనే ఎర్కే. గామెకు ఎర్క లేదు. నన్ను నమ్మి బిడ్డను ఏసింది."

నేను చిన్నప్పటి నుంచి వాక్యంలో పెరిగినదాన్ని. మా నాన్న ఊరూరూ తిరిగి బోధించినవాడు. వాక్యాన్ని అడ్డం పెట్టుకోవడమూ నాకు వచ్చు. "ఐగుప్తులో మంత్రసానులు రాజుతో అబద్ధమాడలేదా? దేవుడు వాళ్లకు మేలే చేశాడు కదా" అన్నాను.

అవ్వ గంటె పక్కన పెట్టింది. "వాళ్లు పసిపోరలను బతికియ్యనీకె ఆడిన్రు బిడ్డా. నేను నీ ఇజ్జత్ బతికియ్యనీకె ఆడిన."

"పోనీ నువ్వే పోయి చెప్పు."

"నేను చెప్తె నీ ఇజ్జత్ పోతది. నువ్వు చెప్తె నిలవడ్తది. అందుకనే కూసున్న."

అర్పణను బలిపీఠం దగ్గరే విడిచిపెట్టి ముందు నీ సహోదరునితో సమాధానపడు అన్న మాట మీద నేనే స్త్రీల కూడికలో రెండుసార్లు ప్రసంగించాను. ఆమె చాప మీద కూర్చుని విన్నది. విన్నది చేస్తోంది.

ఆగస్టులో ఆమె లేవలేదు. సెప్టెంబరులో లేవలేదు. ఏమైందని అయ్యగారు అడిగితే, "ఒక పని మిగిలింది అయ్యగారూ" అన్నదట. జనం నానా రకాలుగా అనుకున్నారు. ఎవరితోనో కొట్లాట అని కొందరు, ముసలితనం అని కొందరు. ఎవరైనా అడిగితే ఆమె నావైపు చూపు కూడా తిప్పలేదు. నేను మాత్రం ప్రతిసారీ వెళ్లి మోకరించాను. వెళ్లకపోతే నన్నూ అడుగుతారని వెళ్లాను. నెలాఖరు వస్తే నాకు నిద్ర పట్టేది కాదు. క్యాలెండర్‌లో మొదటి ఆదివారం గడి వైపు చూడటానికే భయం వేసేది.

దసరా తర్వాత ధైర్యం చేసి ఆ ఇంటికి వెళ్లాను. తాళం ఉంది. పాపను ఇంకో వాడలో ఉన్న అమ్మమ్మ దగ్గర విడిచి, మొగుడూ పెళ్లాం హైదరాబాద్ పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. నిజం చెప్పాలంటే ఆ తాళం చూడగానే నా ప్రాణం కుదుటపడింది. పరుగున వచ్చి అవ్వకు చెప్పాను.

"తాళం గామె ఇంటికున్నది. నీ నోటికి ఉన్నదా? ఫోన్ లేదా?"

ఫోన్ నంబరు రిజిస్టర్‌లో ఉంది. చేశాను. ఆమె ఎత్తింది. పాప బాగా చదువుతోందని, అక్షరాలన్నీ వచ్చాయని చెప్పి పెట్టేశాను.

జనవరిలో అవ్వ మంచాన పడింది. ఖేడ్ దవాఖానలో కొన్నాళ్లు ఉంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచాన ఉన్నవారికి అయ్యగారు ఇంటికే బల్ల తీసుకెళ్తారు. స్త్రీల సమాజం తరఫున తెల్లగుడ్డ, గిన్నె పట్టుకుని నేనూ వెళ్లాను. పగటి ఎండ రేకుల సందుల్లోంచి ఆమె దుప్పటి మీద పడుతోంది. అయ్యగారు ప్రార్థన చేసి, రొట్టె విరిచి, "తీసుకుంటవా అవ్వా?" అని అడిగారు.

ఆమె నోరు తెరవలేదు. నావైపు చూసింది. ఏడు నెలల్లో నన్ను అలా చూడటం అదే మొదటిసారి. కోపం లేదు. గుమ్మంలో పళ్లెం పట్టుకుని నిలబడి, నేను ముద్ద తినేదాకా చూసిన చూపే అది.

"ఒక్క నిమిషం అయ్యగారూ" అన్నాను. గిన్నె పక్కన పెట్టి ఫోన్ తీసి, అవ్వకు వినిపించేలా స్పీకర్ పెట్టాను. అవతల ఇటుకలు దించే చప్పుడు. ఆమె ఎత్తింది.

"అమ్మా, నేను టీచర్‌ను. ఆ రోజు అవ్వ చెప్పింది నిజం కాదు. మా పాప ప్రైవేటు బడిలో చదువుతుంది. అవ్వ నా కోసం అట్లా చెప్పింది. నేను ఊరుకున్నాను. తప్పు నాది."

అవతల నవ్వు.

"గది నాకు గప్పుడే ఎర్కే మేడం. ఖేడ్ సంతకు వచ్చినప్పుడు చూసిన, మీ పాప పసుపుపచ్చ బస్సు దిగుతుంటె మీరు సంచి అందుకున్నరు. మీ నోటెంట ఏమొస్తదో చూద్దమని అడిగిన. మీ నోటెంట ఏం రాలె."

"మరి పాపను మా బడిలో ఎందుకు వేసినవ్?"

"పైసల్ లేక. ఉంటె నేను గూడ మీ లెక్కనే గాడ ఎయ్యకపోదునా?"

ఫోన్ పెట్టేశాను. అవ్వ దుప్పటి కింద కదులుతోంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"చూసినవా అయ్యగారూ, గామె నా మాట నమ్మనే లేదు! ఏడు నెలలు ఊకెనె ఉపాసమున్న." ఊపిరి తీసుకుని మళ్లీ అన్నది: "నమ్మకున్నా ఆడింది ఆడిందే. ఇగ ఇయ్యిండ్రి."

రొట్టె తీసుకుంది. ఈసారి ఉప్పు సంగతి ఎత్తలేదు. అయ్యగారు బయటికి వెళ్లాక నా చేయి పట్టుకుంది.

"నాది ఒడిసింది. నీది ఇప్పుడే షురూ అయింది బిడ్డా."

ఎనిమిదో రోజు ఆమె పోయింది. పాడె వెనక మా బడి పిల్లలంతా నడిచారు.

ఇప్పుడు మే నెల. మొన్న బుధవారం ఆ పాప తల్లి హైదరాబాద్ నుంచి వచ్చి, ఖేడ్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతులకు సిమెంటు పుండ్లు ఇంకా మానలేదు. మంచినీళ్లు తాగి, నేల మీదే కూర్చుని చెప్పింది.

"గీ ఏడు మస్తు పని చేసినం మేడం. బిడ్డ చదువుకని కొన్ని పైసల్ పక్కకు పెట్టినం. ఒక్క ఏడాదికి అయితయ్. రెండో ఏటి సంగతి దేవునికెర్క. బిడ్డను మీ పాప బడిల ఎయ్యాల్నా, మీ దగ్గర్నే ఉంచాల్నా? ఫోన్ చేసి మీరే నిజం చెప్పిండ్రు గదా, అందుకనే మిమ్మల్ని అడుగుతున్న. ఇంకెవర్ని అడుగ."

ప్రైవేటు బడికి పంపమంటే, ఆమె ఏడాది కూలి ఏడాదిలో కరిగిపోతుంది. పై ఏడు ఆ పాప సగంలో తిరిగి వస్తుంది. మా బడిలో రెండో టీచరు ఉండకపోవచ్చు, మిగిలిన పిల్లల దినాలు ఇంకా పోతాయి. మా దగ్గరే ఉంచమని చెప్దామంటే, లోపలి గదిలో మా పాప ఇంగ్లీషు పుస్తకం గట్టిగా చదువుతోంది. ఆ చదువు ఆమెకూ వినిపిస్తూనే ఉంది. శనివారం రమ్మన్నాను. ఈ రెండు రోజుల్లో మా ఆయనతో ఎంత మాట్లాడానో, దేవుని ముందు ఎంతసేపు కూర్చున్నానో. జవాబు ఇంకా రాలేదు.

చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నాతోపాటు ప్రార్థించండి. అవ్వ కోసం కాదు, ఆమె ప్రభువు బల్ల దగ్గర కూర్చునే ఉంది. మా బడి నిలబడాలని కూడా ముందు అడగవద్దు. ఆ తల్లి నా ఎదుట కూర్చున్నప్పుడు నా నోరు మూతపడకూడదని అడగండి. ఆమె బిడ్డ విషయంలో నేను చెప్పే మాటా, నా బిడ్డ విషయంలో నేను చేసే పనీ ఒక్కటే అయ్యే ధైర్యం నాకు ఇమ్మని అడగండి. ఇది మీ చేతికి చేరేసరికి ఆ శనివారం దాటిపోయి ఉండవచ్చు. అయినా అడగండి. జూన్ ప్రతి ఏడూ వస్తుంది.